బోలుమొన గుండు

పోలీసువారి పిస్తోళ్లలో ఎట్టి గుండు ఉండవలెనను ప్రశ్న పల్లెలకు పట్టని ప్రశ్నయని తలంచువారు కలరు. చందర్లపాటి రైతునకు ప్రత్తి పురుగు, మిరప తెగులు, కృష్ణ వరద చాలును గదా, ఈ గుండ్ల విచారణ మేలయని వారు నవ్వవచ్చును. మేమట్లు తలంపజాలము. జగ్గయ్యపేటకు ఉత్తరముననున్న ఖమ్మము జిల్లా ముదిగొండలో, 2007 జూలై 28వ తేదీన, భూములకొఱకు జరిగిన బందు సందర్భమున పోలీసులు కాల్పులు జరుపగా ఏడుగురు మరణించిరి. అంతకు ఏడేండ్ల క్రిందట, 2000 ఆగస్టు 28న, విద్యుచ్ఛక్తి ధరల పెంపునకు వ్యతిరేకముగ హైదరాబాదు బషీర్బాగులో చేరిన జనముపై కాల్పులు జరిగినవి. ఇట్టి ఘటన జరిగినప్పుడెల్ల ఎవరు కాల్చుమనిరి, ఎందులకు కాల్చిరి అను ప్రశ్నలు పుట్టును. పుట్టవలసినవే. కాని కాల్చిన గుండు ఒకని దేహమునందే ఆగునా, ఆవలనున్న వానిని గూడ తాకునా, తాకినచో ఆ సంగతి ముందుగ తెలిసియే ఆ గుండును సిపాయి చేతికి ఇచ్చిరా యను ప్రశ్న వెనుకబడుచున్నది. ఈ ప్రశ్నకు ఊహతో పనిలేదు. కొలత గలదు. ఆ కొలతను గూర్చియే నేడు వ్రాయుచున్నాము.

పిస్తోలు గుండ్లలో ముఖ్యముగ రెండు తెగలు. ఒకటి, సీసపు ముద్దకు మొననుండి రాగితొడుగు వేసినది. ఇది దేహమున దూరినను రూపు మారదు. సూది గుడ్డను దాటినట్లు దాటి తఱచుగ ఆవలిప్రక్క వెడలిపోవును. రెండవది మొనయందు చిన్న గుంట గలది. దీనినే బోలుమొన గుండు అందుము. తడి గల మాంసమున ప్రవేశింపగనే ఆ గుంటలో ద్రవము నిండి, లోపలినుండి ఒత్తి, సీసమును తొడుగును వెలుపలికి చీల్చును. మొగ్గ విచ్చినట్లు రేకలు విచ్చును. 9 మిల్లీమీటర్ల గుండు విచ్చిన పిమ్మట 14, 15 మిల్లీమీటర్ల వెడల్పు కావచ్చును. వెడల్పు పెరిగినకొలది వేగము తగ్గి, గుండు దేహముననే నిలిచిపోవును. దీని గుణమును దోషమును ఈ ఒక్క సంగతియందే ఇమిడియున్నవి. విచ్చినచో గాయము పెద్దదగును, కాని వెనుకనున్నవాడు బ్రతుకును. మితిమీరి త్వరగ విచ్చినచో మర్మస్థానము చేరకముందే ఆగును. అసలు విచ్చకున్నచో తొడుగు గుండునకు దీనికి భేదము లేదు. కనుక విచ్చుటయు దూరుటయు కలిపి కొలువవలెనేగాని ఒకదానిని విడిచి ఒకదానిని కొలుచుట వ్యర్థము.

విచ్చుకొను గుండునకు లోకమంతట వాడుకలోనున్న పేరు మన దేశపు ఊరి పేరే. కలకత్తా చేరువనున్న డమ్ డమ్, నేటి ప్రయాణికులకు విమానాశ్రయముగ తెలిసినది, ఆంగ్లేయుల పాలనలో తూటాల కార్ఖానాకు స్థానము. అంగుళములో నూటికి ముప్పది పాళ్ల వెడల్పు గల క్రొత్త రైఫిలు గుండు సైన్యమునకు వచ్చిన కాలమున, 1895 నాటి చిత్రాల్ దండయాత్రనుండి మరలివచ్చిన అధికారులు, ఈ సన్నపు గుండు శత్రువు దేహమున దూరిపోవుచున్నదేగాని వానిని ఆపుట లేదని మొఱపెట్టిరి. కార్ఖానా అధికారియైన కాప్టెన్ బెర్టీ క్లే, మొనవద్ద తొడుగును కొంచెము తీసివైచి లోని సీసము బయటపడునట్లు చేసెను. నిజమునకు ఆ గుండునకు గుంట లేదు. గుంటమొన ఇంగ్లండు కార్ఖానాలవారు పిదప చేసినది. పేరు మాత్రము డమ్ డమ్‌కే దక్కినది. అపకీర్తిలో గూడ మనకు వాటా ఇచ్చి పోయిరి. 1897-98 నాటి తిరాహ్ దండయాత్రలో వాయవ్య సరిహద్దున ఆఫ్రిదీలపై ఈ గుండు ప్రయోగింపబడినది. ఫిర్యాదు పుట్టినది దండయాత్రలో. చికిత్స పుట్టినది కార్ఖానాలో. చికిత్స ఫలించినదా లేదా యని చూచుటకు దొరికినది కొండజాతి మనుష్యుని దేహము.

ఐరోపాలో దీనిపై అలజడి బయలుదేరెను. 1899లో హేగ్ నగరమున రాజ్యములు సమావేశమై, మనుష్యదేహమున సులభముగ విచ్చుకొను లేక చదునగు గుండ్లను వాడరాదని జూలై 29వ తేదీన ప్రకటన చేసినవి. చర్చలో బ్రిటనును అమెరికాయును ఎదురు నిలిచినవి. బ్రిటిషు ప్రతినిధి సర్ జాన్ ఆర్డా చేసిన వాదము పాఠకులు తెలిసికొనదగినది. నాగరికుడైన సైనికుడు చిన్న గుండు తగిలినంతనే తాను గాయపడితినని గ్రహించి వెనుకకు పోవునట. ఆటవికుడు ఒకటి రెండు గుండ్లు దూరినను లెక్కచేయక ఈటెతో మీదపడునట. కావున వానికి వేఱు గుండు కావలెనట. నరములు, నెత్తురు, ఎముకలు అందఱకు నొక్కటేయని వైద్యులెఱుగుదురు. సామ్రాజ్యము ఎఱుగలేదు. ఆ వాదము సభలో నెగ్గలేదు. అయినను ప్రకటన తుదియందు ఒక నియమము నిలిచిపోయినది: ఒప్పుకొన్న రాజ్యములు తమలో తాము చేసికొను యుద్ధమునకే ఇది వర్తించును. ఆఫ్రిదీ యే రాజ్యపు ప్రతినిధిగ హేగ్ పోయి చేవ్రాలు చేయగలడు? దయకు గూడ సరిహద్దు గీయబడినది. బ్రిటను 1907లో ఆ ప్రకటనను అంగీకరించెను.

పరీక్షలయందును మోసపోవుట కలదనుటకు ఆ కాలముననే ఒక నిదర్శనము దొరకుచున్నది. జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున శస్త్రవైద్యుడు పాల్ ఫాన్ బ్రూన్స్ సీసపుమొన గుండ్లను కాల్చి చూచి, అవి కలిగించు గాయములు అతి ఘోరములని ప్రకటించెను. హేగ్ చర్చకు ముందు ఐరోపా ప్రజాభిప్రాయమును మరల్చినవానిలో ఈ నివేదిక యొకటి. కాని ఆయన కాల్చినది వేటరైఫిలు గుండు. దానియందు సీసము చాల మేరకు బయటికి కనబడును. డమ్ డమ్ గుండునందు కనబడునది మొనవద్ద రవ్వంత. బ్రిటిషు శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ ఈ భేదమును ఎత్తిచూపెను. ట్యూబింగెన్‌లో చూచిన గాయములు నిజమే. గుండు మాత్రము వేఱు. మాకు డమ్ డమ్ మీద ప్రీతి లేదు, దానిని నిషేధించుట ధర్మమేయని మా నమ్మకము. అయినను ధర్మమైన నిర్ణయమునకు గూడ సరియైన కొలత ఆధారముగ నుండవలెను. ఒక గుండును కాల్చి మఱొక గుండునకు శిక్ష వేసినచో, రేపు ఆ పద్ధతితోనే ఒక గుండును కాల్చి మఱొక గుండునకు మెప్పు సంపాదింపవచ్చును.

పిస్తోలు చరిత్రయు ఇట్టిదే. ఫిలిప్పీను ద్వీపములను వశపఱచుకొనుచున్న అమెరికా సైన్యము, తమ చిన్న రివాల్వరు మోరో వీరులను ఆపజాలకున్నదని చెప్పుకొనెను. 1904లో తామ్సన్, లగార్డ్ అను ఇరువురు అధికారులు చికాగో పశువధశాలలలో బ్రతికియున్న పశువులను, మృతమానవదేహములను కాల్చి చూచి, పెద్ద గుండు కావలెనని తీర్పు చెప్పిరి. ఆ పశువుల యాతనను గూర్చి చదువువానికి కడుపు తరుగుకొనిపోవును. ఫలితమైనను నిలుకడగలది కాదు: ఒక్కొక్క పశువు ఒక్కొక్క పరిమాణము, ఒక్కొక్క గుండు ఒక్కొక్క చోట. ఒకదానితో నొకటి పోల్చుటకు వీలులేని దానిని పరీక్షయని యెట్లనవచ్చును?

సరియైన పరీక్షకు మార్గము చూపినది 1986 ఏప్రిల్ 11న అమెరికాలోని మయామీ నగరమున జరిగిన యొక పోరాటము. ఇరువురు దొంగలతో అమెరికా సమాఖ్య నేరపరిశోధక శాఖవారు తలపడిరి. ఆ శాఖవారిలో ఇరువురు చనిపోయిరి, ఐదుగురు గాయపడిరి. పోరాటపు మొదటి భాగముననే ఒక బోలుమొన గుండు దొంగలలో నొకని కుడిచేతిని దాటి, రొమ్మున దూరి, గుండెకాయకు కొలది దూరమున ఆగిపోయెను. అది చక్కగ విచ్చినది. చాలినంత లోతు పోలేదు. ఆ దొంగ అటుపిమ్మట గూడ కాల్చుచునే యుండెను. ఈ ఘటన తరువాత ఆ శాఖ వైద్యులను, గాయముల శాస్త్రము తెలిసినవారిని పిలిచి విచారించి, 1989లో తన నిర్ణయమును ప్రకటించెను: గుండు మెత్తని దిమ్మెలో 12 అంగుళములకు తక్కువగాక, 18 అంగుళములకు మించక పోవలెను, వెడల్పు తరువాతి మాట.

ఆ దిమ్మె యేమి? పశువుల చర్మమునుండి ఎముకలనుండి తీయు జెలటిన్ పొడి ఒక పాలు, నీరు తొమ్మిది పాళ్లు కలిపి పేర్చినది. చూచుటకు ముదిరీముదరని తాటిముంజవలె నుండును. కండరము గుండునకు చూపు నిరోధమును ఇది చాలవరకు చూపునని, అమెరికా సైనికవైద్యుడు మార్టిన్ ఫ్యాక్లర్ నిజమైన గాయములతో పోల్చి నిరూపించెను. దీనిని 4 డిగ్రీల సెంటీగ్రేడు శీతములో నిలిపియుంచి కాల్చవలెను. మన నందిగామ ఎండలలో బల్లమీద గడియసేపు ఉంచినచో అది జావయగును. జావలో గుండు పరుగెత్తును. ఆ కొలత నమ్మదగదు. అందుచేత అసలు గుండును కాల్చుటకు ముందు, నాలుగున్నర మిల్లీమీటర్ల చిన్న ఇనుపగుండును గాలితుపాకితో సెకనుకు 590 అడుగుల వేగమున కాల్చి, అది ఎనిమిదిన్నర సెంటీమీటర్ల లోతున నిలిచినదో లేదో చూతురు. నిలిచిననే ఆ దిమ్మె పనికివచ్చును. త్రాసును తూచిన పిమ్మటనే సరకును తూచవలెనన్న కోమటి నీతి ఇదియే.

ఈ క్రమమంతయు ఏలయని అడుగువారు మన రేగడి చేను గట్టున తడిమట్టిలో ఒక గుండు కాల్చి చూచుట మంచిది. పెద్ద గుహవంటి రంధ్రము పడును. చూచినవాడు దీని దెబ్బకు మనుష్యుడు ముక్కలగునని నిశ్చయించుకొనును. మట్టికి సాగి మరల మూసికొను గుణము లేదు. గుండు వెంట క్షణకాలము తెఱచుకొన్న సందు అట్లే నిలిచిపోవును. మాంసము సాగును, మరల చేరుకొనును. పిస్తోలు గుండు వేగమున, ఆ క్షణికమైన సందు చాల అవయవములకు నిలుకడైన హాని చేయదు. గుండు స్వయముగ త్రొక్కిన త్రోవయే గాయము. పుచ్చకాయను పగులగొట్టి చూపువారి వినోదము మట్టి పరీక్షకన్నను హీనము. పగులుట పుచ్చకాయ గుణము, గుండు మహిమ కాదు. తుపాకి వర్తకులకు మాత్రము పుచ్చకాయలే ఇష్టము.

జెలటిన్ దిమ్మె ముందు గుడ్డలు, కలపపలక, ఇనుపరేకు, గోడపలక, మోటారు అద్దము ఉంచి గూడ కాల్చుదురు. ఇచ్చటనే బోలుమొన గుండు లోపము బయటపడినది. దళసరి గుడ్డయో గోడపొడియో గుంటలో కూరుకొనినచో ద్రవము లోనికి చొరదు, గుండు విచ్చదు, తొడుగు గుండువలె తిన్నగ సాగిపోవును. ఈ దోషమును చూచియే కార్ఖానాలు గుంట రూపమును, తొడుగు చీలికలను మార్చుకొనుచు వచ్చినవి. మామూలు 9 మిల్లీమీటర్ల తొడుగు గుండు ఇదే దిమ్మెలో 24 అంగుళములు దాటిపోవుట సాధారణము. మనుష్యుని రొమ్మునకు వీపునకు నడుమ దూరమెంతో పాఠకులే కొలిచి చూచుకొనవచ్చును. మిగిలిన లోతు ఎవనిదో!

ఇంకొక సంగతియు ఈ పరీక్షలవలన తేలినది. పిస్తోలు గుండు ఏదైనను మనుష్యుని పట్టి పడద్రోయదు. మెదడో వెన్నుపాము పైభాగమో తెగిననే తత్క్షణము పడును. గుండెకాయ చెడినను మెదడునందు మిగిలిన ప్రాణవాయువుతో పది పదునైదు సెకనులు పనిచేయగలడని 1989 నాటి నివేదికయే చెప్పినది. సర్ జాన్ ఆర్డా చెప్పిన నాగరికుడు, ఆటవికుడు అను భేదము ఎంత వట్టిదో మయామీ దొంగ తెలిపినాడు. అతడు అమెరికా సైన్యమున పనిచేసిన తెల్లవాడు.

ఇక న్యాయము మాట. యుద్ధమున విచ్చుకొను గుండు వాడుట 1998 నాటి రోము శాసనము ప్రకారము అంతర్జాతీయ నేరము. 2010లో కంపాలా సభవారు అంతఃకలహములకు గూడ దీనిని వర్తింపజేసిరి, పోలీసు విధులను మాత్రము విడిచిరి. యుద్ధభూమిలో శత్రువుపై నిషిద్ధమైన గుండు, బజారులో స్వదేశీయునిపై అనుమతింపబడుట వినుటకు వింతగ నున్నది. ఈ వింతను చూపి, ప్రభుత్వములు ప్రజలను శత్రువులకన్న హీనముగ చూచుచున్నవని కేకలు వేయుట సులభము. మేము ఆ కేకలో గొంతు కలుపము. సైనికుడు కాల్చునది దూరమునుండి, రైఫిలుతో. ఆతని గుండు ముందుకు పోయినను అచ్చట నుండునది శత్రుసైన్యము. పోలీసువాడు కాల్చునది పది అడుగుల దూరమున, సంతలో, బస్సుల నిలయములో. అచ్చట గుండు ఆవలకు వెడలినచో తగులునది పాలు కొనుటకు వచ్చిన యిల్లాలికి. న్యూయార్కు నగరపు పోలీసువారు 1998లో బోలుమొన గుండ్లకు మాఱుటకు నిశ్చయించినపుడు చెప్పిన ప్రధాన కారణము ఇదియే. కత్తియో తుపాకియో పట్టుకొని ప్రాణములు తీయుచున్న ఒక్కని ఆపవలసి వచ్చినపుడు, సరిగ పరీక్షింపబడిన బోలుమొన గుండు తొడుగు గుండుకన్న మేలని మేము ఒప్పుకొందుము.

కాని గుంపునకు ఏ గుండును మంచిది కాదు. ఇచ్చట మేము రవ్వంతయు సడలింపజాలము. 1928 ఫిబ్రవరి 3న చెన్నపురిలో సైమను సంఘపు బహిష్కార సందర్భమున ప్రకాశము పంతులుగారు రొమ్ము విప్పి నిలిచినపుడు ఎదిరించినది కాల్చు అధికారమును; గుండు స్వరూపమును కాదు. బోలుమొన గుండు వెనుకనున్నవానిని రక్షించునన్న మాట, ముందున్నవానిని కాల్చుటకు సాకుగ మారరాదు. ఒక్క సాయుధునికై చేసిన వాదమును నిరాయుధుల గుంపునకు అతికించుట ఆర్డాగారి తర్కమునకు తోబుట్టువు. గాయమును అనవసరముగ పెంచు, లేక అనవసరమైన అపాయము కలిగించు తూటాలను పోలీసు నిబంధనలు నిషేధింపవలెనని 1990లో హవానాలో జరిగిన ఐక్యరాజ్యసమితి మహాసభ సూత్రములు చెప్పుచున్నవి. అనవసరము ఏది, ఎంత అను దానిని నిర్ణయించుటకు కొలత తప్ప వేఱు మార్గము లేదు.

మన పాఠకులలో లైసెన్సు రివాల్వరు గల భూస్వాములును కొందఱుందురు. ఎన్నికలు వచ్చినపుడెల్ల ఠాణాలో దాఖలుచేసి రసీదు తెచ్చుకొనువారికి ఒక మాట. మన దేశమున సామాన్యునకు 9 మిల్లీమీటర్ల పిస్తోలు నిషిద్ధము. దొరకునది ముప్పదిరెండు బోరు. ఆ తూటా నెమ్మదిది, చిన్నది. ఇట్టి నెమ్మది తూటాలకు బోలుమొన వేసినచో తఱచుగ రెండు విధముల చెడును: గుంట కూరుకొని విచ్చదు, లేక విచ్చి లోతు పోదు. వర్తకుడు పటములు చూపి పొగడినను పొంగిపోవలదు. రాత్రివేళ చప్పుడైనదని పందిట్లోనికి కాల్చువాడు, తడిక వెనుక పడుకొన్న పాలికాపును ముందు తలచుకొనవలెను. తడిక దాటిన గుండునకు గుంట కూరుకొనియుండవచ్చును.

ఈ కారణముచేతనే అమెరికావారి అంకెలను తెచ్చి మన పోలీసువారికి అట్లే అంటగట్టుట తగదనుచున్నాము. వారి పరీక్షలో దళసరి జీన్సు గుడ్డ, గోడపలక, మోటారు అద్దము. మన జనమునకు ఒంటిపొర నూలు చొక్కాయ, పంచె. మన ఇండ్లకు ఇటుకగోడ, సిమెంటు రేకు, తాటియాకు తడిక. వారు 12 అంగుళములు కనీసమని నిర్ణయించునపుడు అడ్డువచ్చు భుజమును, స్థూలదేహమును లెక్కలోనికి తీసికొనిరి. బక్కచిక్కిన మన కూలివానికి ఆ లోతే మిక్కుట మగునేమో చూడవలసియున్నది. హైదరాబాదులో కేంద్ర న్యాయవిజ్ఞాన ప్రయోగశాల యున్నది. జెలటిన్ దొరకని వస్తువు కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పోలీసువారు ఏయే పనికి ఏయే తూటాను ఇచ్చుచున్నారో చెప్పవలెను. ఆ తూటాలను మన గుడ్డలు, మన తడికలు, మన రేకులు అడ్డుపెట్టి, వైద్యుల యెదుట, పోలీసుశాఖకు లోబడని నిపుణులచేత కాల్పింపవలెను. లోతెంత, వెడల్పెంత, ఎన్నిటిలో ఎన్ని విచ్చినవి, ఎన్ని దిమ్మె దాటిపోయినవి అను పట్టికను తెలుగులో అచ్చొత్తించి ఉభయ శాసనసభల ముందుంచవలెను. గుంపులను చెదరగొట్టుటకు పోవు దళములకు ఈ తూటాలు ఇయ్యబడవని అదే పత్రమున వ్రాతమూలముగ తెలుపవలెను. ఇందులో రహస్యముగ నుంచదగినది మాకొక్కటియు కనబడలేదు. రెండు రాష్ట్రముల హోముశాఖలును బదులు చెప్పవలసియున్నవి.